ఎర్ర చుక్కలు లేని తొవ్వ

“ఈ బండి నాది. ఈ నంబరు నాది. ఈ ఫొటో నా మొగని ఫోన్లకు ఎట్ల పోయింది? జవాబు చెప్పుండ్రి!”

నవనీత బల్ల మీద ఫోను కొట్టిన చప్పుడుకి రోడ్ల మీది కెమెరాలు నడిపే ఏజెన్సీ ఆఫీసులో అందరూ తలలెత్తారు. ఫొటోలో ఆమె స్కూటీ వెనక భాగం, నంబరు ప్లేటు, కింద తెల్లటి అక్షరాల్లో తేదీ, సమయం, పెద్దమందడి చౌరస్తా. ఆ ఫొటో కింద ఆమె భర్త గణేష్ పంపిన ఒక్క మాట: ‘దొరికినవ్.’

మేనేజరు ఫొటో వైపు సరిగ్గా చూడనైనా లేదు. “దొంగలను పట్టనీకి పెట్టిన కెమెరాలమ్మా అవి. తప్పు చెయ్యనోళ్లకు భయమెందుకు?”

“తప్పు చేసినోడు నా ఎంబడి పడుతుంటే, మీ కెమెరా వానికి తొవ్వ చూపిస్తుంది సార్! మొన్న నడిబజార్ల నా బండిని తన్ని పడగొట్టిండు. రేపు నన్ను సంపుతడు. అప్పుడు గూడ ఫొటో తీస్తరా?”

పక్కనే ఉన్న దీపిక ఆమె భుజం పట్టుకుంది. దీపిక నవనీతకు చిన్ననాటి స్నేహితురాలు, ఒక లాయరు దగ్గర జూనియర్. “ఈ ఫొటోలు ఎవరెవరు చూస్తరు సార్? ఎన్ని దినాలు దాస్తరు? జర కాగితం మీద రాసియ్యండి,” అంది గొంతు పెంచకుండా.

“గవన్నీ మాకు తెల్వయి.”

చివరికి తేలింది ఒక్కటే. అక్కడ పనిచేసే ఒకడు గణేష్‌తో కలిసి ఇంటర్ చదివాడు. వాణ్ని తీసేశామని మేనేజరు కొన్నాళ్లకు ఫోన్ చేసి, ఏదో ఉపకారం చేసినట్టు చెప్పాడు.

గద్వాల సేటు దగ్గర రేషం దారం, జరీ తీసుకొని ఊళ్లలో మగ్గాలున్న ఇళ్లకు ఇవ్వడం, నేసిన చీరలు తిరిగి తేవడం నవనీత పని. బండి కదలకపోతే తిండి లేదు. కిందటి ఎండాకాలం గణేష్ ఆమె ఎడమ చెయ్యి మెలిపెట్టి విరిచినప్పుడు, ఆ బండి మీదే ఒంటిచేత్తో తల్లి ఇంటికి వచ్చేసింది. తల్లి ఎంకమ్మ మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, ఆ చెయ్యి చూసి గొల్లుమంది. కట్టు కట్టించాక మాత్రం, “నాల్గు దినాలుండు బిడ్డా, గుస్స తగ్గుతది,” అంది.

“ఎవరి గుస్స? నాదా, వానిదా?”

ఎంకమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అప్పటినుంచీ కూతురు బయల్దేరేముందు ఏ తొవ్వన పోతుందో అడిగి, సద్ది కట్టి ఇస్తుంది. తిరిగొచ్చేదాకా గడపలోనే నిలబడుతుంది.

ఒకణ్ని పనిలోంచి తీసేసినంత మాత్రాన కెమెరాలు పోలేదు. వాడి చోట ఇంకొకడు వస్తాడు, వాడికీ దోస్తులుంటారు. దీపిక తన ఫోన్లో మ్యాపు తెరిచి, కెమెరా ఉన్న ప్రతిచోటా ఎర్ర చుక్క పెట్టడం మొదలుపెట్టింది. సంగతి నోటానోటా పాకింది. ఆటోలవాళ్లు, పాలవాళ్లు, మగ్గాల ఇళ్ల ఆడవాళ్లు స్తంభం కనిపిస్తే చాలు ఫొటో తీసి పంపారు. బిజినేపల్లి దగ్గర చీరలు నేసే మల్లమ్మ, “నా బిడ్డ గూడ గిట్లనే దాక్కొని బతుకుతుంది,” అని తన ఊరి చుట్టూ చుక్కలు తానే పెట్టించింది.

చుక్కలు పెరిగేకొద్దీ నవనీతకు ఒళ్లు మండిపోయేది. ఇన్ని కళ్లలో ఒక్కటి కూడా ఆమె చెయ్యి విరిగిన ఇంటివైపు చూడలేదు. బతకడానికి రోడ్డెక్కితే మాత్రం అన్నీ ఆమెనే చూస్తున్నాయి.

ఒకనాడు నవనీత చుక్కలు లేని తొవ్వ చూసుకొని, చేన్ల మధ్య బాటల్లో పడి మల్లమ్మ ఇంటికి పోయింది. గణేష్ అక్కడ నిలబడి ఉన్నాడు.

“నువ్వు ఏ తొవ్వల వచ్చినా నాకు తెలుస్తది,” అని నవ్వాడు. ఆమె చేతిలోని చీరల మూట గుంజుకొని మురికి మోరీలో విసిరేశాడు. మల్లమ్మ కట్టె పట్టుకొని బయటికి ఉరికొచ్చాకగానీ కదల్లేదు.

“ఏడనో ఒక కెమెరా మిగిలిపోయింది,” అంది దీపిక. ఇద్దరూ ఆ బాటంతా మళ్లీ తిరిగారు. ప్రతి స్తంభాన్నీ, ప్రతి చెట్టు కొమ్మనీ చూశారు. మెకానిక్ దగ్గర బండి విప్పించారు. నవనీత ఫోను మార్చింది, సిమ్ము మార్చింది. ఏమీ దొరకలేదు.

“నా ఊర్ల నేను దొంగ లెక్క తిరగాల్నా?” ఇంటికొచ్చి చెప్పులు విసిరికొట్టింది. “ఎవడు చెప్తుండో దొరకనీ అమ్మా, వాన్ని నడిబజార్ల నిలబెడత!”

ఎంకమ్మ మగ్గం మీదినుంచి తల ఎత్తలేదు. “ముందుగాల అన్నం తిను,” అంది.

మరునాడు వడ్డేపల్లి పోవాల్సి ఉంది. సాయంత్రం ఇంకా వెలుగుండగానే దీపిక వచ్చింది. గుమ్మం బయట నిలబడే, ఇద్దరూ తలలు దగ్గరపెట్టుకొని కొత్త తొవ్వ ఖాయం చేసుకున్నారు. దీపిక వెళ్లిపోయింది. నవనీత లోపలికొచ్చి జరీ కండెలు సంచిలో సర్దసాగింది. ఎంకమ్మ పాలకోసం వీధి చివరికి పోయింది.

మగ్గం పలక మీద తల్లి ఫోను మోగింది. ఎంకమ్మకు చదువు రాదు, అందులో ఎవరి పేరూ ఉండదు, నంబరు మాత్రమే. ఇది నవనీత ఎరగని నంబరు. చీరల సేటేమో అనుకొని నవనీత ఎత్తి చెవికి ఆనించుకుంది. ఆమె నోరు విప్పేలోపే అవతలి గొంతు, కాపురం చేసినన్నాళ్లూ ఆమె ఎన్నడూ విననంత మెత్తగా పలికింది.

“అత్తమ్మా, రేపు ఏ తొవ్వల పోతదంట?” అన్నాడు గణేష్.