ఆగని ఎంజైమ్

"ఈ చేపలకేమైందక్కా?" స్కూలు బస్సు నడిపే తమ్ముడు ప్రయోగశాలలోని గాజుతొట్టెలోకి తొంగిచూశాడు.

"పుట్టుకతోనే లోపం. కంటి కణాల్లో కాల్షియం పెరిగితే ఒక ఎంజైమ్ పని ఆపెయ్యాలి. వీటిలో అది ఆగదు. కాల్షియం నిండిపోయి కణాలు చచ్చిపోతాయి."

"పాపం! ఒక్కసారే చూపు పోతుందా?"

"లేదు. మనుషుల్లోనూ ఉందిది. మొదట పగటి వెలుతురు భరించలేరు. తర్వాత రంగులు వెలిసిపోతాయి."

తమ్ముడు నవ్వేశాడు. "అయితే నేనూ చేపనే! ఎండలో సిగ్నల్ ఎర్రదో పచ్చదో తెలియక, వెనకాలవాళ్లు హారన్ కొడితే కదులుతున్నా."

అక్క నవ్వలేదు. నలభై ఏళ్లకే చూపు పోయి గోడ పట్టుకుని నడిచిన నాన్న గుర్తొచ్చాడు.

"బస్సు తాళాలు ఇటివ్వు."

"ఇప్పుడా? బడి వదిలే వేళయిందక్కా! పిల్లలు ఎదురుచూస్తుంటారు."

"అందుకే ఇవ్వమంటున్నాను," అంది, చాచిన చెయ్యి దించకుండా.