ఏడు బీగిల్ కుక్కలు

కుక్కలను షఫీ దొంగిలించాడు. ఆ విషయంలో భూమయ్యకు సందేహం లేదు.

అరబ్బు దేశంలో, బహ్లా ఊరి పక్కన, అర్బాబు అని పిలిచే యజమాని తోటలో ఏడు బీగిల్ కుక్కలు ఉన్నాయి. చలికాలం గడ్డి మడుల్లో పడే కుందేళ్ళను లేపడం వాటి పని. వాటిని చూసుకోవడం ఐదేళ్ళుగా భూమయ్య పని. ఏ కూత ఏ కుక్కదో కళ్ళు మూసుకుని చెప్పగలడు. రాణి ముక్కు నేలకు ఆనించి ఒక్క కూత వేస్తే మిగిలిన ఆరూ గొంతు కలిపి ఉరుకుతాయి. కుర్రకుక్క ఊరికే అరిస్తే ఒక్కటీ కదలదు. లేచిన కుందేలు ఎంత దూరం ఉరికినా చుట్టు తిరిగి లేచిన చోటికే వస్తుంది. తుపాకీతో అర్బాబును అక్కడే నిలబెట్టి, భూమయ్య పక్కన నిలబడేవాడు.

వేట ముగిశాక ఏడూ వచ్చి అతని కాళ్ళ మీద పడేవి. ఇప్పుడు తిన్నగా షఫీ గదికి పోతున్నాయి.

షఫీది కడప. గోను తుఫాను తర్వాత నీళ్ళ మోటార్ల పనికి వచ్చాడు. కుక్క తాకితే నమాజుకు ముందు మళ్ళీ కడుక్కోవాలని విసుక్కునేవాడు. అలాంటివాడి మంచం మీద రాణి పడుకుంటోంది. దులిపేస్తే దిగుతుంది. అతను అటు తిరగగానే మళ్ళీ ఎక్కుతుంది.

ఈ తోటలోనే వంటపని చేసిన భార్య దేవవ్వ పోయి మూడు నెలలు. పిల్లలు లేరు. భూమయ్యకు మిగిలినవి ఆ ఏడే.

"ఏందే భూమన్నా, నీ ఫౌజు పార్టీ మారిందట గదా?" అన్నాడు ట్రాక్టరు నడిపే రఘుపతి, అన్నం దగ్గర.

"వాడు మాంసం ముక్కలేస్తుండు."

"వానికే ముక్క దొరుకుతలేదు. కుక్కలకు యాడికెల్లి ఏస్తడే?"

భూమయ్య పళ్ళెం నెట్టేసి లేచాడు. నేరుగా అర్బాబు దగ్గరికి పోయి ఫిర్యాదు చేశాడు. షఫీ కుక్కలను పాడు చేస్తున్నాడు. కడుపు నిండిన కుక్క కుందేలు వెంట పోదు. వాడు ఉంటే నేను ఉండను.

అర్బాబు నవ్వాడు. వచ్చీరాని హిందీలో తేల్చేశాడు. జుమ్మా పొద్దున కుక్కలను వదులుదాం. ఎవరి దగ్గరికి పోతే వాడికే కుక్కలు. రెండోవాడు సీబ్ పట్నంలో నా ఇంటికి గేటు డ్యూటీకి పోవాలి. ఖలాస్.

శుక్రవారం చలి కొరుకుతోంది. ఖర్జూరపు చెట్ల వైపు భూమయ్య నిలబడ్డాడు. నీళ్ళ ట్యాంకు వైపు షఫీ, భుజాల మీదుగా బొంత కప్పుకుని.

"వాని జేబులు చూడుండ్రి" అన్నాడు భూమయ్య.

రఘుపతి వెతికాడు. తస్బీ దండ, తాళాల గుత్తి దొరికాయి.

"చూస్కో భూమన్నా" అన్నాడు షఫీ. "నాకేంటికీ కుక్కల గోల? నువ్వే పిల్చుకో. నేను నోరు గూడా తెరవను."

అర్బాబు దొడ్డి తలుపు తీశాడు. భూమయ్య నాలుక మడిచి ఈల వేశాడు. ఐదేళ్ళుగా వేస్తున్న ఈల. రాణి అతని వైపు ఉరికింది. ఆరూ దాని వెనక. భూమయ్య వంగి రెండు చేతులూ చాపాడు.

పది అడుగుల దూరంలో రాణి ఆగింది. ట్యాంకు వైపు నుంచి గాలి తిరిగింది. ముక్కు ఎత్తింది. ఒక్క కూత వేసింది.

ఏడూ తిరిగిపోయాయి.

షఫీని చుట్టుముట్టాయి. ఒక్కటీ అతని ముఖం చూడలేదు. చేతులు నాకలేదు. బొంత మడతల్లో ముక్కులు దూర్చి, సన్నగా మూలిగాయి.

"ఖలాస్" అన్నాడు అర్బాబు.

మధ్యాహ్నం భూమయ్య పెట్టె పికప్‌లో పడింది. బండి కదలబోతుంటే షఫీ పరుగెత్తుకొచ్చి తలుపు పట్టుకున్నాడు. బొంత ఇంకా భుజాన ఉంది.

"అల్లా తోడు భూమన్నా, నేనేం చేయలే. పోయి సెప్తాను అర్బాబుకి, నిన్నే ఉంచుకోమని. అవి నా కాడికి ఏంటికొస్తాయో నాకు తెల్దు. నీకు తెలిస్తే సెప్పు."

భూమయ్య అతని ముఖం చూడలేదు. భుజం మీది బొంతను చూశాడు. చెయ్యి ఒకసారి లేచి, మళ్ళీ ఒళ్ళో పడింది.

"పోనీయ్" అన్నాడు డ్రైవరుతో.

ఆ బొంత ఐదేళ్ళు ఆ ఏడింటికీ తన చేత్తో రొట్టె పెట్టిన దేవవ్వ తన పాత చీరలతో కుట్టుకున్నదనీ, చచ్చినవాళ్ళ పక్కబట్ట ఉంచుకోకూడదని పదో రోజున తాను కంచె అవతల పారేస్తే షఫీ ఎవరిదో తెలియక ఏరుకున్నాడనీ భూమయ్య ఆనాడు చెప్పలేదు, ఇక ఎన్నడూ చెప్పడు.