మీద పడ్డ మనిషి

అబిడ్స్‌లో బట్టల దుకాణం ముందు సిటీ బస్సు టైరు ఢామ్మని పేలింది.

మరుక్షణం ఎవడో వచ్చి కమలకుమారి మీద పడ్డాడు. ఆమె చేతిలోని పరీక్ష పేపర్లు రోడ్డంతా చెదిరిపోయాయి.

టీచరమ్మ కేక విని జనం అతన్ని లేవదీసి కొట్టారు. ఆమె కూడా చెప్పు తీసింది.



కొన్నాళ్ళకు సత్తెమ్మ అనే ఆవిడ స్కూలు వెతుక్కుంటూ వచ్చింది.

"మీ మీద పడ్డది మా ఆయన రాజమల్లు, టీచరమ్మా. బట్టల దుకాణపోళ్ళు మీ స్కూలు చెప్పిన్రు. పాకిస్తాన్ లడాయి నుంచి వచ్చినంక, జర చప్పుడైతే చాలు, గట్లనే చేసెటోడు."

"ఇప్పుడెలా ఉన్నాడు?"

"లేడు. నాంపల్లి స్టేషన్ కాడ పెండ్లి బరాత్‌ల పటాకులు పేలినయి. ఉరికి లారీ కింద పడ్డడు. రోడ్డు మీద చచ్చినోనికి పటాలంతోని ఏం సంబంధం, పింఛన్ రాదంటున్నరు. లడాయి సంగతి చెప్పనీకి ఆయనెంబడి పోయిన దోస్తు గట్టయ్య ఉన్నడు. అబిడ్స్‌ల గూడ గట్ల చేసిండని మీరు చెప్పాలె."

ఇంట్లో భర్త వెంకటేశ్వర్లు ఒప్పుకోలేదు.

"పరాయి మగాడు మీద పడ్డాడని నలుగురి ముందు చెబుతావా?"

"చెప్పకపోతే ఆవిడ బతికేదెలాగండీ?"

నాంపల్లి పింఛను ఆఫీసులో విచారణ. గదినిండా మగవాళ్ళే. ముందు గట్టయ్య చెప్పాడు. తర్వాత ఆమె వంతు.

"మీద పడి ఏం చేశాడు?" అడిగాడు ఆఫీసరు.

వెనక ఎవరో నవ్వాపుకున్నారు.

కమలకుమారి తల దించలేదు.

"రెండు చేతులతో నా తల కప్పాడు. వణికిపోతున్నాడు."

ఇన్నాళ్ళూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదామె. ఆ చేతుల బరువు ఇంకా తల మీద ఉన్నట్టే ఉంది.



"యుద్ధంలో పట్టుకున్న భయమే. పింఛనుకు పైకి రాస్తాను" అన్నాడు ఆఫీసరు.

వరండాలో సత్తెమ్మ ఆమె చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"పాపం, అంత భయపడేవాడా?" గట్టయ్యను అడిగింది కమలకుమారి.

"భయమని రాస్తెనే పింఛన్ వస్తదమ్మా. గందుకే లోపల నేను గూడ గదే చెప్పిన."

గట్టయ్య రోడ్డు మీది బస్సు వైపు చెయ్యి చూపాడు.

"లడాయిల నా మీద గూడ గట్లనే పడ్డడు. నా తల గూడ గట్లనే కప్పిండు. గప్పుడు పేలింది టైరు గాదు."