తొమ్మిది మలుపుల దారి

కొండ నెత్తిన ఒక నీటి ఊట, దాని చుట్టూ పచ్చిక ఉండేవి. వాన తెరిపిచ్చిన రోజున జంతువులన్నీ పిల్లాపాపలతో పొద్దున్నే కొండెక్కి, ఆడుకుని, పొద్దు వాలేలోగా దిగొచ్చేవి. పైకి రెండు దారులు. కొండమేక దారి నిట్టనిలువుగా ఉంటుంది. ముసలి ఏనుగు తన మందను నడిపించి వేసిన దారి తొమ్మిది మలుపులు తిరుగుతుంది.

"నా దారిన ఇంతవరకూ ఇంకెవ్వరూ ఎక్కలేకపోయారు, ఏనుగత్తా," అంది కొండమేక కొమ్ములు ఎగరేసి. "నీ దారినైతే తాబేలు కూడా ఎక్కేస్తోంది."

"అవునే కోడలా. నిన్న కుందేలు వాళ్ల ముసలమ్మ కూడా ఎక్కింది," అంది ఏనుగు, తొండం పైకెత్తి మరీ.

అందులో అంత గొప్పేముందో మేకకు అర్థం కాలేదు. "మరి అన్ని మలుపులెందుకు?" అని అడిగింది.

"మా గున్న అలిసి కూర్చున్న చోటల్లా దారి తిప్పాను."

మేకకు నవ్వాగలేదు.

వానలు వెనకబట్టాక మేకకు పిల్ల పుట్టింది. దానికి ఊట చూపిద్దామని ఒకరోజు బయల్దేరి, తన దారి మొదట్లో ఆగి పైకి చూసింది. తర్వాత పిల్ల కాళ్ల వంక చూసింది. ఏనుగు దారి పట్టింది.

మొదటి మలుపు రాగానే పిల్ల చతికిలపడింది. రెండో మలుపులోనూ అంతే. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఇద్దరూ ఊట దగ్గరికి చేరారు. ఏనుగు అప్పటికే అక్కడ నీళ్లు తాగుతోంది.

"చూశావా అత్తా," అంది మేక, కొమ్ములు ఇంకాస్త ఎగరేసి. "మా బుజ్జిది తొమ్మిది చోట్ల కూర్చుని, పైదాకా వచ్చేసింది."