పెరటి తలుపుకి తాళం

మిషను మళ్లీ ఆగిపోయింది. పొద్దుటినుంచి ఇది ఐదోసారి.

అనెజీనా మంచం దగ్గరికి పరుగెత్తింది. భర్త యకూమిస్ నోరు తెరిచి ఊపిరి లాగుతున్నాడు. గుండె ఆపరేషనై మే నెలలో ఇంటికొచ్చిన మనిషి. ఈ వేసవి గది చల్లగా లేకపోతే దక్కడని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. ఆగస్టు ఎండ, బయట నలభై ఒక్క డిగ్రీలు. గ్రీసులోని ఈ పారోస్ దీవిలో ఆకు కదలడం లేదు.

"ఇదంతా ఆ ఫ్రోసో పనే," అంది, తడిగుడ్డతో అతని మెడ తుడుస్తూ.

"మెల్లగా... వింటుంది."

"విననీ!"

పక్కింటి ఫ్రోసోతో మాటల్లేక మూడేళ్లు. చలికాలం వేడినీ ఎండాకాలం చల్లదనాన్నీ ఇచ్చే ఈ హీట్‌పంపు పెట్టించిన ఏడాదే పేచీ మొదలైంది. దాని బయటి పెట్టెను పెరటి గోడకి బిగించారు. అది వదిలే సెగకి గోడవతల ఫ్రోసో పెంచుకున్న రుద్రజడ మొక్కలన్నీ మాడిపోయాయి.

నాలుగు రోజుల కిందట ఊరంతా కునుకు తీస్తున్న వేళ పెరట్లో నీళ్ల చప్పుడైంది. అనెజీనా వెళ్లి చూసింది. రెండు పెరళ్ల మధ్య తలుపు తీసుకుని వచ్చి, ఫ్రోసో ఆ పెట్టె మీద పైపుతో ధారగా నీళ్లు కొడుతోంది.

"ఓసి పాపిష్టిదానా! కరెంటు మిషను మీద నీళ్లా? దాన్ని కాల్చి మా ఆయన్ని చంపుదామనా?"

"అది మూలుగుతోంది," అంది ఫ్రోసో.

"మూలిగేది నీ కడుపుమంట! నీ నాలుగు మొక్కలకి నా మొగుడు సరిపోతాడటే?"

ఫ్రోసో నీళ్లు కట్టేసింది. పైపు చుట్టుకుని వెళ్లిపోయింది. అనెజీనా ఆ తలుపుకి తాళం వేసింది. మర్నాటినుంచే మిషను ఆగడం మొదలు. నీళ్లు లోపలికి దిగి ఏదో కాలిందని, పోలీసులకి చెప్పి ఆవిణ్ణి ఈడ్పిస్తానని రొట్టెల కొట్టు దగ్గర పదిమందిలో అరిచి మరీ వచ్చింది.

మెకానిక్ స్తమాటిస్ మూడు రోజులు తిప్పించుకుని ఇవాళ వచ్చాడు.

"ఈ ఎండల్లో ఊళ్లోవాళ్లంతా నన్ను పీక్కు తింటున్నారత్తా!"

"ముందు చూడు నాయనా. ఏం తగలబెట్టిందో రాసివ్వు. స్టేషన్లో ఇస్తాను."

స్తమాటిస్ పెరట్లో పెట్టె మూత విప్పాడు. తీగలు తడిమాడు.

"ఏదీ కాలలేదు. వానలో తడవడానికే చేస్తారు దీన్ని. నీళ్లకేం కాదు."

"మరెందుకు ఆగుతోంది?"

అతడు వెనక్కి వంగి, సన్నటి రేకుల మీద వేలితో గీశాడు. తెల్లగా పెళ్లలు రాలాయి.

"ఇదేంటత్తా?"

"సున్నం. ఈస్టరుకి గోడతోపాటు దానికీ వేశాను. పండగపూట ఇల్లంతా తెల్లగా ఉండి అదొక్కటే మురిగ్గా ఉంటే ఏం బాగుంటుంది?"

"ఈ వెనక రేకులకి కూడానా?"

"మూడు పూతలు!" అంది, కాస్త గర్వంగానే.

స్తమాటిస్ నేల మీద కూలబడ్డాడు. "ముక్కు మూసి పరుగెత్తమన్నావు దాన్ని. లోపలి వేడి బయటికి పోయే దారేదీ?"

లోపల యకూమిస్ దగ్గు వినిపించింది. అనెజీనా కిటికీలోంచి తొంగిచూసి వచ్చింది.

"బాగవుతుందా నాయనా?"

"గీకి కడుగుతాను. గంటలో గది చల్లబడుతుంది."

బ్రష్షు తీసుకున్నవాడల్లా ఆగాడు. సున్నం మీద పైనుంచి కిందికి నీళ్లు జారిన చారలున్నాయి. ఏప్రిల్ నుంచి చుక్క వాన లేదు. అయినా పెట్టె కింద గడ్డి పచ్చగా మొలిచి ఉంది. అతడు తలెత్తి ఆమె వంక చూశాడు.

"ఇంత సున్నంతో ఇది జూన్‌లోనే చతికిలబడాలత్తా, రోజూ ఎండ నడినెత్తికొచ్చే వేళకి ఎవరో దీనిమీద నీళ్లు కొట్టబట్టే మామ ఇన్నాళ్లు చల్లగా ఊపిరి తీశాడు."