జున్ను మంకుపట్టు

ఆరో మంగళవారం కూడా జున్ను నోరు తెరవలేదు.

ఫ్రీజర్లోంచి తీసి వెచ్చబెట్టిన ఎలుకను రోనాల్డ్ పొడవాటి పట్టకారుతో దాని ముక్కు ముందు ఆడించాడు. ఆ రెండు మూరల కొండచిలువ ఒక్కసారి నాలుక బయటపెట్టి, తల చుట్టల్లోకి దూర్చేసుకుంది. గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడ్డ అమ్మమ్మ మేబెల్ కొంగుతో నుదుటి చెమట తుడుచుకుంది.

"తినలేదా?"

"లేదమ్మమ్మా. బాగా పరేషాన్ చేస్తుంది."

"ఆ పురుగుని ఇంట్లోంచి పంపెయ్యరా అని మూడేళ్లుగా మొత్తుకుంటున్నా. తీరా పంపే వేళకి దీని వేషాలు చూడు!"

ఆమె పోరు పడలేకే రోనాల్డ్ చివరికి ఒప్పుకున్నాడు. సైనిక్‌పురిలో పాములు పెంచే లూకా తీసుకుంటానన్నాడు. కాకపోతే ఒక షరతు పెట్టాడు. ఇవాళ ఫోన్లో మళ్లీ అదే మాట.

"మూడు వారాలు వరసగ తిన్నంకనే తీస్కపోత అన్నా. గిట్ల నిరాహారదీక్షల కూసున్నదాన్ని దెచ్చి నేనేం జెయ్యాలె? బరువు తగ్గిందా?"

"తగ్గలే. అదే సమజైతలేదు."

"గాలి తిని బతుకుతుందా ఏంది! డబ్బా వెచ్చగుంచు. జెర చీకటి చెయ్యి."

రోనాల్డ్ బల్బు మార్చాడు. మేబెల్ తన నల్ల శాలువా తెచ్చి గాజుపెట్టె చుట్టూ కట్టింది. ఆదివారం చర్చిలో స్త్రీల కూటం పెద్ద ప్రేమమణి దగ్గర గోడు వెళ్లబోసుకుంది.

"ఏదెను తోట దగ్గర్నుంచీ మనకీ దానికీ పడదు కదా వదినా! ప్రార్థన మనవుల్లో దాని పేరెట్లా రాయను?" అని నవ్వింది ప్రేమమణి.

మేబెల్ నవ్వలేకపోయింది. భర్తనీ, కూతుర్నీ పద్మారావు నగర్‌లోని ఈ ఇంటి గేటు దగ్గరే సాగనంపిందామె. అప్పట్నుంచి ఎవరు వెళ్తున్నా నాలుగు రోజుల ముందే ఆమెకు అన్నం సయించదు.

సోమవారం పొద్దున్న రోనాల్డ్ ఆఫీసుకి బయల్దేరుతూ ధైర్యం చెప్పాడు.

"రేపు పక్కా తింటుంది, చూడు. నువ్వు టెన్షన్ పడకు."

"దేవుడి చిత్తం బాబూ."

అతని బండి సందు మలుపు తిరిగింది.

మేబెల్ తలుపు గడియ పెట్టి, ప్రతి సోమవారంలాగే ఫ్రీజర్లో చేపముక్కల కింద తాను దాచుకున్న ఎలుకను తీసి, వేడినీళ్లలో వెచ్చబెట్టి, గాజుపెట్టె మూత ఎత్తి, "కడుపునిండా తిను నాన్నా, రేపు మాత్రం నోరు తెరవకు," అంది.