పక్క సీటు బ్రేకు

"తొక్కు నాన్నా!" అని కూతురు అరిచేసరికే కారు కీచుమంటూ ఆగిపోయింది. బంపరుకు జానెడు దూరంలో ఒక ఎర్ర బంతి దొర్లుకుంటూ రోడ్డు దాటింది. దాని వెనకే పరిగెత్తుకొచ్చిన పాప బంతిని చంకన పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు తమ గేటులోకి వెళ్లిపోయింది.

స్టీరింగు ముందున్నది కూతురే. పక్క సీటులో ఆమె నాన్న, డ్రైవింగు మాస్టారు, తన వైపు బ్రేకు మీద కాలు బిగబట్టి కూర్చున్నాడు. నేర్పేవాళ్ల కోసం పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉన్న పాత కారు అది. మళ్లీ చెయ్యి తిరగాలని ఆమే అడిగి బయటికి తీయించింది.

"చూశావా? నువ్వు తొక్కబట్టి సరిపోయింది. సోమవారం నుంచి బడి వ్యాను నడపడం నా వల్ల కాదు. అందులో పక్కన నువ్వుండవు. ఇప్పుడే ఫోన్ చేసి రానని చెప్పేస్తాను."

"ఎంత ఇష్టపడి తెచ్చుకున్న ఉద్యోగమే!"

"వ్యాను నిండా పిల్లలు నాన్నా. ఒక్కళ్లకు ఏమైనా అయితే..."

కారులో పెట్రోలు, రెక్సిను, పిప్పరమెంటు కలిసిన అదే పాత వాసన. ఆమెకు ఇందులోనే డ్రైవింగు నేర్చుకున్న కాలేజీ రోజులు గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి. ఎంత హాయి రోజులవి! పాఠానికి ముందు నాన్న కిందకి వంగి, తల దూర్చి, తన బ్రేకు ఏదో సవరించుకునేవాడు. ఇవాళా సవరించుకున్నాడు. ఆ చాదస్తాన్ని ఎంత వెక్కిరించినా, ఆ కాలు అక్కడుందన్న ధీమాతోనే ఆమె సందులన్నీ చుట్టేసేది. కుక్క అడ్డొచ్చినా, సైకిలు అడ్డొచ్చినా కారు ఠక్కున ఆగేది. నాన్న జేబులోంచి ఒక పిప్పరమెంటు తీసి ఇచ్చేవాడు, అంతే.

ఇప్పుడూ ఆయన చెయ్యి జేబులోకి వెళ్లింది. ఆమె కళ్లు తుడుచుకుని, అలవాటుగా అరచెయ్యి చాపింది. అందులో ఒక ఇనప పిన్ను పడింది.

"ఇదేంటి?"

"నా బ్రేకు పిన్ను. ఇది లేకపోతే నా పెడలు ఉత్తదే. ఎంత తొక్కినా కారు ఆగదు."

"అయితే ఇందాక..."

"ఇందాకే కాదు తల్లీ. ఎవరి పిల్లలు నడిపినా కదలని నా కాలు, నువ్వు కూర్చుంటే చాలు, భయంతో ఊరికే తొక్కేసేది. అందుకే నీకు నేర్పడం మొదలెట్టిన రెండో రోజు నుంచీ, నువ్వు స్టీరింగు పట్టుకునే ముందే దీన్ని పీకి జేబులో వేసుకుంటున్నాను."